చిన్న రైలు, నిలువెత్తు మనుషులు

మా షెడ్డులో లేజర్ యంత్రం పలుచటి చెక్కను కోస్తున్నప్పుడు ఒక వాసన వస్తుంది. పెనం మీద రొట్టె అంచు మాడబోయే ముందు వచ్చే వాసనకు దగ్గరగా ఉంటుంది. పోయిన వారం ఒక నిర్మాణ సంస్థ నుంచి వచ్చిన మార్కెటింగ్ మేనేజరు ఆ వాసనకు ముక్కు దగ్గర రుమాలు పెట్టుకుని, తెల్లాపూర్‌లో వాళ్లు కట్టబోయే నలభై అంతస్తుల టవర్ల నమూనా చుట్టూ రెండుసార్లు తిరిగాడు. తిరిగి, "మేడం, కింద ఈ మనుషుల్ని కొంచెం చిన్నగా చేయించండి. టవర్లు ఇంకా గ్రాండ్‌గా కనిపిస్తాయి" అన్నాడు. మర్యాదగానే అడిగాడు పాపం. నేను అతనికి కుర్చీ చూపించి టీ తెప్పించాను. ఆ కాలిన చెక్క వాసన అప్పటికే నన్ను పాతికేళ్లకు పైగా వెనక్కి, మాదాపూర్‌లో గేదెల కొట్టం పక్కనున్న రేకుల షెడ్డులోకి లాక్కుపోయింది. అక్కడ నరహరి సార్ కిరసనాయిలు స్టవ్ మీద సూదిని ఎర్రగా కాల్చి, చిటికెన వేలంత కూడా లేని చెక్క మనిషికి కనుబొమలూ మీసమూ గీస్తుండేవారు.

నరహరి సార్ మీకు తెలిసే అవకాశం లేదు. ఆయన చేసినవన్నీ అద్దాల పెట్టెల్లో ఉండేవి, వాటి మీద కట్టేవాళ్ల పేర్లుండేవి. పుట్టింది నిర్మల్‌లో, బొమ్మలు చెక్కే ఇంట్లో. కుర్రతనంలోనే జీడిమెట్ల వచ్చి ఇనుము పోతపోసే ఒక కర్మాగారంలో చేరారు. ఇనుము పోయాలంటే ముందు ఇసుకలో అచ్చు తీయాలి, ఆ అచ్చు కోసం చెక్కతో నమూనా చేయాలి. ఇరవయ్యేళ్లు ఆ నమూనాలు చేశారాయన. కరిగిన ఇనుము చల్లారితే ముడుచుకుంటుంది కనుక, చెక్క నమూనాను అసలు కొలత కంటే కాస్త పెద్దగా చేయాలట. అందుకోసం గీతలు కొద్దిగా సాగదీసిన ప్రత్యేకమైన స్కేలు ఒకటి ఉంటుంది. ఆ స్కేలును ఆయన మా షెడ్డులో గోడకు మేకు కొట్టి తగిలించారు, దాన్ని ఎవరినీ ముట్టుకోనిచ్చేవారు కాదు. "ఇరవయ్యేండ్లు అన్నీ ఉన్నదానికంటె పెద్దగ చేసిన బిడ్డా, ఇనుము ముడుసుకపోతదని. మనిషి ముడుసుకపోడు. ఇగ ఉన్నదున్నట్టె చేస్త" అనేవారు.

మాదాపూర్ రాళ్లగుట్టల మధ్య సాఫ్ట్‌వేర్ కంపెనీల కోసం గుండ్రటి పెద్ద భవనం లేచి, దాన్ని చూడటానికి జనం సెలవు రోజుల్లో టిఫిన్ డబ్బాలు కట్టుకుని వచ్చిన రోజులవి. చుట్టుపక్కల ఎక్కడ చూసినా ఎవరో ఒకరు ఏదో ఒకటి కడతామని బోర్డు పెట్టేవారు. కట్టబోయేదాన్ని ముందు బల్ల మీద చూపించాలి కదా, ఆ పని నరహరి సార్‌కు దొరికింది. కాకినాడలో డ్రాఫ్ట్స్‌మన్ డిప్లొమా చదివి, కూకట్‌పల్లిలో మా పిన్ని ఇంట్లో దిగి, మూడు నెలలు పని చూసి ఆ తర్వాత ఉంచుకుంటానన్న షరతు మీద నేను ఆయన దగ్గర చేరాను. అదే నా మొదటి ఉద్యోగం. దాన్ని నిలబెట్టుకోవాలన్నది తప్ప అప్పట్లో నాకు ఇంకో ఆలోచన లేదు.

ఇక్కడ నా గురించి ఒక మాట చెప్పాలి. నా ఎత్తు నాలుగడుగుల పది అంగుళాలు. బంధువులంతా నన్ను పొట్టి పద్మజ అనే పిలిచేవారు, పైగా పొట్టివాళ్లకు పుట్టెడు బుద్ధులంటూ దాన్ని మెచ్చుకోలుగా మార్చేవారు. నేను నవ్వి ఊరుకునేదాన్ని, ఇంటికెళ్లి ఏడ్చేదాన్ని. హైదరాబాదులో నన్నెరిగినవాళ్లు ఎవరూ లేరు కనుక, వచ్చిన వారంలోనే రెండంగుళాల మడమల చెప్పులు కొనుక్కున్నాను. షెడ్డు నిండా చెక్కపొట్టు ఉన్నా అందరూ చెప్పులు గుమ్మం దగ్గర వదిలేవారు. నేను మాత్రం కాళ్లకు దుమ్ము పడదని సాకు చెప్పి విప్పేదాన్ని కాదు. నరహరి సార్ ఒకసారి నా చెప్పుల వైపు చూసి మళ్లీ పనిలో పడ్డారు.

ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ ఒక చెక్క మనిషి ఉండేవాడు. పేరు మల్లేశ్. అసలు మల్లేశ్ మా షెడ్డుకు ఎదురుగా టీ బండి పెట్టుకున్నవాడు. మహబూబ్‌నగర్ వైపు నుంచి ఆ గుండ్రటి భవనానికి కూలిపనికి వచ్చి, భవనం అయిపోయాక పొయ్యి పెట్టుకున్నాడు. సరిగ్గా అయిదడుగుల నాలుగంగుళాలు. అతన్ని టేపు పెట్టి కొలిచి, ఆ కొలతను నలభై ఎనిమిదో వంతుకు తగ్గించి, ముప్పై నాలుగు మిల్లీమీటర్ల బొమ్మ చేశారు సార్. ఎందుకు నలభై ఎనిమిదో వంతో తర్వాత చెబుతాను. ఏ మెట్టు చేసినా, ఏ బల్ల చేసినా, అతికించే ముందు ఆ బొమ్మను పక్కన నిలబెట్టి చూడాలన్నది షెడ్డులో మొదటి నియమం. "మల్లేశ్‌ను నిలవెట్టు. ఎక్కుతడా? కూసుంటడా? నెత్తి తాకుతదా?" ఈ మూడు ప్రశ్నలకూ జవాబు వచ్చాకే జిగురు సీసా మూత తీయాలి. అసలు మల్లేశ్ టీ గ్లాసులు తెచ్చినప్పుడల్లా, "నన్నెక్కడ నిలవెట్టిన్రు సార్ ఇయ్యాల?" అని అడిగి తెలుసుకుని వెళ్లేవాడు.

నేను చేరిన నెల తిరగకుండానే అప్పలరాజు గారి పని వచ్చింది. ఆయన ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ పెద్ద, కొత్త భవనంలో రెండు అంతస్తులు తీసుకున్నారు. వచ్చినవాళ్లు కూర్చునే హాలులో అందరూ ఫౌంటెన్లు పెట్టుకుంటుంటే ఆయనకు రైలు కావాలనిపించింది. చిన్నప్పుడు శ్రీకాకుళం వైపు తను బడికి వెళ్లిన చిన్న రైలు. మామూలు పెద్ద లైనులో పట్టాల మధ్య అయిదున్నర అడుగులుంటే అక్కడ రెండున్నరే. ఇంజిను పక్కన మనిషి నిలబడితే దాని భుజం మీద చెయ్యి వేయొచ్చన్నంత ఉండేదట. పెట్టె తలుపులు కూడా అంత పొట్టివే. "తల వంచకుండా ఎక్కిన పెద్దమనిషిని నేను చూడలేదండి. మా హెడ్మాస్టరు గారు కూడా వంచాల్సిందే. పిల్లలం అది చూడ్డానికే ముందెళ్లి కూర్చునేవాళ్లం" అని చెప్పి ఆయన చాలాసేపు నవ్వారు. నరహరి సార్ ఆ నవ్వు ఆగేదాకా ఓపిగ్గా ఆగి, తలుపు ఎత్తు ఎంత ఉండేదో అడిగారు. అయిదడుగులుండొచ్చన్నారు అప్పలరాజు గారు. సార్ దాన్ని పెన్సిల్‌తో అరచేతి మీద రాసుకున్నారు.

అప్పలరాజు గారు విదేశాల నుంచి ఒక పెట్టెడు బొమ్మ పట్టాలూ మోటారున్న చిన్న ఇంజిను చట్రమూ తెచ్చి ఇచ్చారు. ఆ పట్టాల మధ్య వెడల్పు పదహారున్నర మిల్లీమీటర్లు. అక్కడి పెద్ద రైళ్లను ఎనభై ఏడో వంతుకు తగ్గించి ఆడుకునేవాళ్ల కోసం చేసినవి. సార్ కాగితం మీద లెక్కవేసి, ఇవే పట్టాలను నలభై ఎనిమిదో వంతు లోకంలో పెడితే దాదాపు రెండున్నర అడుగుల లైను అవుతుందని తేల్చారు. పట్టాలు అలాగే ఉంచి వాటి చుట్టూ ఉన్న లోకాన్ని పెద్దది చేస్తే చాలు, పెద్ద లైను చిన్న లైను అయిపోతుంది. ఆ లెక్క కుదిరిన రోజు ఆయన మొహం చూడాలి, లాటరీ తగిలినవాడు కూడా అంత వెలగడు. ఇనుప చట్రం మీద చెక్కతో ఇంజిను కట్టారు, నాలుగు పెట్టెలు కట్టారు, ఒక చిన్న స్టేషన్ కట్టారు. పెట్టె తలుపు ముప్పై రెండు మిల్లీమీటర్లు. లెక్కంతా నాకు వినిపించారు, నేను తల ఊపాను. తల ఊపినంత మాత్రాన బుర్రకెక్కినట్టు కాదని ఆయనకు తెలియాల్సింది.

ఆ తర్వాత బొమ్మలు చెక్కడానికి వాడే మెత్తటి పొనికి చెక్క తేవడానికి ఆయన రెండు వారాలకు నిర్మల్ వెళ్తూ, స్టేషన్‌లో జనాన్ని, బయట రోడ్డు మీద బండ్లను సమకూర్చే పని నాకు అప్పజెప్పారు. మూడు నెలల షరతు మీద ఉన్నదాన్ని, నాకొక్కదానికే అప్పగించిన మొదటి పని. బొంబాయిలో బొమ్మ రైళ్ల సామాను అమ్మే దుకాణం ఒకటుందని తెలిసి, పట్టాల వెడల్పు కొలిచి, ఈ పట్టాలకు సరిపోయే మనుషులూ లారీలూ బస్సూ కావాలని ఉత్తరం రాశాను. వాళ్లు నేనడిగింది అడిగినట్టే పంపారు. ఆ పట్టాలకు సరిపోయేవాళ్లనే, అంటే ఎనభై ఏడో వంతు జనాన్ని. రంగులు వేసిన అరవై మంది, ఒక్కొక్కరు ఇరవై మిల్లీమీటర్లు. చూడముచ్చటగా ఉన్నారు. రెండు రోజుల్లో అందరినీ అతికించేశాను. మల్లేశ్‌ను నిలబెట్టలేదా అంటారా? మల్లేశ్ సార్ జేబులో కూర్చుని నిర్మల్ వెళ్లాడు. అసలు మల్లేశ్ మాత్రం టీ గ్లాసు బల్ల అంచున పెట్టి, కళ్లు చికిలించి, "ఏంది మేడం, వీళ్లు గింత చిన్నగున్నరు? నా లెక్క ఒక్కడు గూడ లేడు" అన్నాడు. టీ కాచుకునేవాడికేం తెలుసులే అనుకున్నాను. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

సార్ రాకముందే అప్పలరాజు గారి ఆఫీసు మేనేజరు చూడటానికి వచ్చి తెగ మెచ్చుకున్నాడు. "బ్రహ్మాండంగా ఉందండి, రాజధాని ఎక్స్‌ప్రెస్‌లా ఉంది" అన్నాడు. నేను గాల్లో తేలిపోయాను. ఆ పొగడ్తలోనే తప్పంతా ఉందని నాకు తట్టలేదు. మర్నాడు నరహరి సార్ సంచీ దించి, బల్ల దగ్గరికి వచ్చి, జేబులోంచి మల్లేశ్‌ను తీసి ప్లాట్‌ఫాం మీద నా జనం మధ్య నిలబెట్టారు. చుట్టూ ఉన్నవాళ్లు అతని నడుము కొద్దిగా దాటారంతే. నాకు నవ్వొచ్చింది. "మల్లేశ్ రాక్షసుడిలా ఉన్నాడు సార్" అన్నాను.

"మల్లేశ్ ఎదురుంగ టీ పోస్తుండు. రాక్షసుడు కాడు. మరి వీళ్లెవరు?" అన్నారాయన. నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, గడ్డం బల్ల అంచుకు ఆనించి చూడమన్నారు. పై నుంచి చూసినప్పుడు ముద్దుగా కనిపించిన స్టేషన్ ఒక్కసారిగా మారిపోయింది. పెట్టె తలుపులు కోట గుమ్మాల్లా ఉన్నాయి. ఇంజిను మేడంత ఉంది. ఆ రైలు ఎక్కాలంటే ఎవరికీ తల వంచాల్సిన పని లేదు, నిచ్చెన మాత్రం కావాలి. "గిది ఢిల్లీ పోయే రైలయింది బిడ్డా. అప్పలరాజు సార్ బడికి పోయిన రైలు ఏడ వాయె? లైను చిన్నగయింది గని మనుషులు చిన్నగ కాలేదు గద" అన్నారు. ఆయన గొంతు పెంచలేదు. పెంచితే బాగుండుననిపించింది నాకు, ఎందుకంటే అప్పుడు ఏడవడానికి ఒక కారణం దొరికేది.

అప్పలరాజు గారి ఆఫీసు ప్రారంభోత్సవానికి తొమ్మిది రోజులుంది. సార్ మేనేజరుకు ఫోన్ చేసి జనాన్నంతా పీకేస్తున్నామని చెబితే అతను స్కూటరేసుకుని పరుగున వచ్చాడు. "స్కేలు ఎవరు చూస్తారండి? ఇలాగే గొప్పగా ఉంది" అని బతిమాలాడు. "అప్పలరాజు సార్ చూస్తడు. ఎక్కినోడు గద" అన్నారు నరహరి సార్. చివరికి మేనేజరు విసుగొచ్చి, ఆ రోజుకి రైలు సిద్ధంగా లేకపోతే ఆ స్థలంలో క్రోటన్ కుండీలు పెట్టిస్తానని, ఇంకెప్పుడూ మా షెడ్డు వైపు రానని తేల్చి చెప్పి వెళ్లాడు. సార్ అంత ఇష్టపడి కట్టిన రైలు నా ఉత్తరం వల్ల పూలకుండీల పాలవుతోంది. నా మూడు నెలల గడువుకు ఇంకా పది రోజులుంది. పెట్టె సర్దుకోనా సార్ అని అడిగాను. ఆయన ఒక ఉలీ పొనికి చెక్క ముక్కా నా ముందు పెట్టి, "పెట్టె తర్వాత సర్దుదువు. ముందుగాల మనుషుల్ని చెయ్యి. అరవై మంది బాకీ ఉన్నవు" అన్నారు.

ఆ ఎనిమిది రోజుల్లో నవ్వినంత నేను ఆ తర్వాత ఏ ఉద్యోగంలోనూ నవ్వలేదు. రోజూ పొద్దున్నే మొదలుపెట్టి, ఎండ తగ్గగానే ఆపేసేవాళ్లం. బల్బు వెలుగులో వేసిన రంగు తెల్లారి మాట మారుస్తుందని సార్ నమ్మకం. నేను చెక్కిన మొదటి పదిమందీ చేతులు ఒంటికి అంటించుకుని బిగుసుకుపోయి నిలబడ్డారు. సార్ వాళ్లను వరసగా పెట్టి, "వీళ్లు రైలెక్కుతరా, సెల్యూట్ కొడ్తరా?" అన్నారు. నన్ను తీసుకెళ్లి మల్లేశ్ బండి దగ్గర నిలబెట్టి మనుషుల్ని చూడమన్నారు. టీ తాగేవాడు ఎప్పుడూ ఒక కాలి మీదే బరువు వేస్తాడు. ఇటుకలు మోసే ఆడవాళ్లు తట్ట దించాక కూడా కాసేపు మెడ నిటారుగానే ఉంచుతారు. మెడలో కార్డు వేసుకున్న సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు మాట్లాడుతూ మాట్లాడుతూ ఆ కార్డును సవరించుకుంటారు. ఇవన్నీ రోజూ నా కళ్ల ముందు జరుగుతున్నవే, ఒక్కటీ చూసిన పాపాన పోలేదు.

బండ్ల సంగతీ అంతే. ఇసుక దించడానికి వచ్చిన లారీ పక్కన అసలు మల్లేశ్‌నే నిలబెట్టి కొలిచాం. టైరు అతని నడుము దాటింది. అంబాసిడర్ కారు కప్పు సరిగ్గా అతని నెత్తి దాకా వచ్చింది. సైకిల్ హ్యాండిల్ బొడ్డు పైదాకా వచ్చింది. సార్ ఇవన్నీ సిగరెట్ పెట్టె అట్ట మీద రాసుకుంటుంటే, లారీ డ్రైవరు మమ్మల్ని రవాణాశాఖ వాళ్లనుకుని కంగారుగా కాగితాలు తీయబోయాడు. ఇక గుట్టల దగ్గర మధ్యాహ్నం ఒంటిగంటకు రాళ్లు పేల్చేవారు. ఆ పేలుడుకు మా షెడ్డు రేకులు దడదడలాడి, బల్ల మీద నిలబడ్డవాళ్లంతా దబదబా పడిపోయేవారు. అందుకని పేలుడుకు ముందు వేసే ఈల వినబడగానే ఇద్దరం చెరోవైపు చేరి, ఆరని జిగురుతో ఉన్న జనాన్నంతా ఒక్కొక్కరిగా పడుకోబెట్టేవాళ్లం. పేలుడయ్యాక లేపి నిలబెట్టేవాళ్లం. "మంచిగ పండుకున్నరు. లేవున్రి, బండొచ్చే టైమయింది" అని సార్ వాళ్లతో మాట్లాడటం నేను చాలాసార్లు విన్నాను.

అందరికీ వేర్వేరు ఎత్తులుండాలి కనుక మల్లేశ్ బండి వెనక గోడ మీద మనుషుల్ని నిలబెట్టి పెన్సిల్ గీతలు గీశాం. సెక్యూరిటీ ఆయన, ఇటుకలు మోసే లక్ష్మమ్మ, పాల క్యాన్లతో వెళ్లే గేదెల యజమాని, ఒకరి తర్వాత ఒకరు వచ్చి వీపు ఆనించి నిలబడ్డారు. సార్ పక్కనే పేర్లు రాశారు. అందరూ గోడెక్కడం చూసి మల్లేశ్ ఒక కోరిక కోరాడు. "సార్, నన్ను జర ఒక్క మిల్లీమీటర్ పెంచున్రి. ఎవరికి తెలుస్తది?" అన్నాడు.

"ఒక్క మిల్లీమీటరంటె బయట రెండంగుళాల అబద్ధం. రెండంగుళాలు నువ్వు మోస్తవా?" అన్నారు సార్. మల్లేశ్ తలగోక్కుంటూ వెళ్లిపోయాడు. నేను మాత్రం కదల్లేదు. ఉన్నమాటంటే ఉలుకెక్కువ అంటారు కదా. సరిగ్గా రెండంగుళాలు నేను మోస్తూనే ఉన్నాను, బల్ల కింద, రెండు కాళ్లకూ. సార్ ఆ మాట నన్ననలేదని ఇప్పటికీ నమ్ముతాను. ఆ తర్వాత "నువ్వు గూడ నిలవడు బిడ్డా" అని పిలిచినప్పుడు, నన్ను వద్దండి అని లోపలికి వెళ్లిపోయాను. ఆయన రెట్టించలేదు.

ఏడో రోజుకు యాభై తొమ్మిది మంది అయ్యారు. మిగిలింది ఒక్కరే, రెండో పెట్టె తలుపులో నిలబడి బయటికి చూసే మనిషి. అప్పలరాజు గారు కూర్చునే పెట్టె అదేనట, ఆ తలుపులో ఎవరో ఒకరు ఉంటేనే రైలుకు ప్రాణం వస్తుందని సార్ పట్టుదల. కానీ ఎవరిని నిలబెట్టినా తల తగులుతోంది. మల్లేశ్ తగిలాడు, సెక్యూరిటీ ఆయన తగిలాడు, లక్ష్మమ్మ కొప్పు కూడా తగిలింది. తలుపు ఎత్తు పెంచడానికి సార్ ఒప్పుకోరు. మెడ వంచిన బొమ్మను పెడితే బయటికి చూడటం లేదు, పడిపోతున్నట్టుంది. ఆయన స్టూలు మీద కూర్చుని ఖాళీ తలుపు వైపు చాలాసేపు చూశారు. నాకు జవాబు తెలుసు. తలుపు అయిదడుగులని విన్న రోజు నుంచీ నాకు తెలుసు. నా తప్పుకు కోప్పడకుండా నా చేతిలో ఉలి పెట్టిన మనిషి అలా దిగాలుగా కూర్చుంటే, నా దగ్గరున్న ఒకే ఒక్క కొలతను నేను చెప్పుల్లో దాచుకుని కూర్చున్నాను. అంతకంటే పిసినారితనం ఇంకోటి ఉండదనిపించింది.

చెప్పులు గుమ్మం దగ్గర విడిచి రోడ్డు దాటాను. మిట్టమధ్యాహ్నం, నేల కాలుతోంది. గోడకు వీపు ఆనించి, "కొలవండి సార్" అన్నాను. ఆయన వెనకే వచ్చి, నా తల మీద స్కేలు అడ్డంగా పెట్టి గీత గీశారు. గోడ మీదున్న గీతలన్నింటికంటే అది కిందుంది. టీ తాగుతున్న నలుగురూ చూస్తున్నారు. మల్లేశ్ పాలగిన్నె కింద మంట తగ్గించి, ఆ గీత వైపు చూసి, "అక్క ఒక్కతె నెత్తి తాకకుండ పోతది" అన్నాడు, కొంచెం అసూయగా. అంతవరకూ నన్ను మేడం అనేవాడు, ఆ రోజు నుంచి అక్కనయ్యాను. నేను నవ్వాను, ఈసారి ఇంటికెళ్లి ఏడవలేదు. ముప్పై ఒక్క మిల్లీమీటర్ల బొమ్మను సార్ తనే చెక్కారు. ఒక చెయ్యి తలుపు అంచు మీద, కాళ్లకు చెప్పుల్లేవు, తల నిటారుగా ఉంది. తలుపులో నిలబెడితే నెత్తిన ఒక్క మిల్లీమీటరు మిగిలింది.

ప్రారంభోత్సవం రోజున హాలంతా మల్లెపూల దండలూ కొత్త కార్పెట్ వాసనా. అప్పలరాజు గారు కోటు వేసుకుని, అతిథులతో మాట్లాడుతూ వచ్చి, పై నుంచి రైలును చూసి, "బాగుందండి, బాగుంది" అన్నారు. అందరూ అనేమాటే. మేనేజరు నా వైపు తిరిగి, చూశారా మొదట చేసిందే బాగుండేది అన్నట్టు కనుబొమలెగరేశాడు. నరహరి సార్ మాత్రం చేతులు కట్టుకుని, "జర కిందికి కూసోని చూడున్రి సార్" అన్నారు. అతిథులందరి ముందూ అప్పలరాజు గారు కోటు గుండీ విప్పి, గొంతుక్కూర్చుని, కళ్లు ప్లాట్‌ఫాం ఎత్తుకు తెచ్చారు. మీట నొక్కాను. రైలు మలుపు తిరిగి, మెల్లగా స్టేషన్‌లోకి వచ్చి ఆగింది. రెండో పెట్టె తలుపు సరిగ్గా ఆయన మొహం ముందుకు వచ్చింది. ఆయన తల వంచారు.

చటుక్కున, ఆలోచించకుండా, గుమ్మం తగులుతుందని వంచినట్టే వంచారు. వంచాక తను చేసిందేమిటో తెలిసి, నేల మీద చతికిలబడి నవ్వడం మొదలుపెట్టారు. "ఏటిది నరహరి గారూ, తల తగులుతాదనుకున్నానండీ" అన్నారు. కళ్లు తుడుచుకుంటూ మళ్లీ వంగి చూసి, "ఈ తలుపులో ఉన్నావిడెవరండీ? ఈవిడొక్కర్తే దర్జాగా నిలబడిపోయింది" అని అడిగారు. నరహరి సార్ నన్ను ముందుకు నెట్టి, "ఈ బిడ్డనే సార్. తయారు చేసింది గూడ ఈ బిడ్డనే, అరవై మందిని" అన్నారు. అరవైలో సగం ఆయనే చేశారు. కోటు వేసుకున్న ఆ పెద్దమనిషి నేల మీద కూర్చుని బొమ్మనొకసారి, నన్నొకసారి చూస్తుంటే, నా జీవితంలో మొదటిసారి నేను సరైన ఎత్తులో ఉన్నాననిపించింది. మేనేజరు ఆ వారంలోనే క్రోటన్ కుండీలను మెట్ల కింద పెట్టించాడు.

మర్నాడు నా బల్ల మీద ఇంకో బొమ్మ ఉంది. తలుపులో నిలబడ్డదానికి అచ్చు జోడీ. మూడు నెలల షరతు గురించి సార్ ఒక్క మాటా ఎత్తలేదు. "మల్లేశ్ నా జేబుల ఉంటడు. నేను ఊరికి పోతె నీకు కొలత ఉండాలె గద. ఇగ నుంచి నిన్నే నిలవెట్టి చూడు" అన్నారంతే. ఆయన దగ్గర పదకొండేళ్లు పనిచేశాను. ఆయన పోయి చాలా కాలమైంది. కంపెనీ ఆఫీసు మారినప్పుడు రైలు అప్పలరాజు గారి ఇంటికి చేరింది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు గీతలున్న గోడ కూలింది. మల్లేశ్ ఇప్పుడు ఖాజాగూడలో టిఫిన్ సెంటర్ నడుపుతున్నాడు. తన ఎత్తు అయిదడుగుల ఆరంగుళాలని పనివాళ్లకు చెప్పుకుంటాడు, నేను వెళ్లినప్పుడు మాత్రం ఆ విషయం ఎత్తడు.

తెల్లాపూర్ టవర్ల మేనేజరు టీ తాగి గ్లాసు కింద పెట్టాడు. నేను హ్యాండ్‌బ్యాగులోంచి బొమ్మను తీసి అతని ముందు బల్ల మీద నిలబెట్టాను. చెమటకూ కాలానికీ రంగు పోయింది, సూదితో కాల్చిన కనుబొమలు మాత్రం అలాగే ఉన్నాయి. "ఎవరు మేడం ఇది?" అన్నాడు. నేనేనని చెప్పాను. అతను బొమ్మను చూసి, నన్ను చూసి, "చాలా చిన్నగా ఉంది" అన్నాడు. "సరిగ్గా ఉంది" అన్నాను. ఆ తర్వాత అతన్ని టవర్ల ముందు గొంతుక్కూర్చోమని, కళ్లు వీధి ఎత్తుకు తెచ్చి చూడమని చెప్పి, వాసన పోవడానికి కిటికీ తీశాను. చెక్కపొట్టు కాళ్లకు అంటుకుంది. నా చెప్పులు గుమ్మం దగ్గరున్నాయి.